మొదటి కస్టమ్ లూప్‌కి పార్టులు: డబ్బు రేడియేటర్ మీద పెట్టండి, రంగు నీళ్ల మీద కాదు

చల్లబరచాల్సింది ప్రాసెసర్ ఒక్కటే అయితే కస్టమ్ లూప్ (పంపు, రేడియేటర్, ట్యూబులు విడివిడిగా కొని మనమే బిగించుకునే నీళ్ల కూలింగ్) జోలికి వెళ్లొద్దు. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3 లాంటి 360 మి.మీ. ఏఐఓ (కంపెనీయే బిగించి, నీళ్లు నింపి ఇచ్చే రెడీమేడ్ కూలర్) పెట్టేస్తే సరిపోతుంది. గ్రాఫిక్స్ కార్డును కూడా నీళ్లలోకి తెచ్చినప్పుడే లూప్‌కి పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. అందుకే ఇక్కడి లెక్కలన్నీ రైజెన్ 7 7800ఎక్స్3డీ, ఆర్‌టీఎక్స్ 4080 ఉన్న మెషీన్‌కు వేసినవి. బరువైన గేమ్ నడుస్తుంటే ఆ రెండూ కలిసి 400 వాట్ల దాకా వేడి వదులుతాయి.

ఆ వేడంతా రేడియేటర్ ద్వారా గదిలోకే పోవాలి. నీళ్లు గది కంటే చల్లబడవు. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గది 38 డిగ్రీలుంటే, లూప్ ఎంత బాగా కుదిరినా నీళ్లు 48 దగ్గర ఉంటాయి. చలిదేశాల వీడియోల్లో గది 21 డిగ్రీలే, వాళ్లకు ఒక్క 360 రేడియేటర్ చాలిందని మనకు చాలదు. 30 మి.మీ. మందం ఉన్న 360 రేడియేటర్, ఫ్యాన్లు నిమిషానికి 1200 చుట్లు తిరుగుతుంటే, గది కంటే 10 డిగ్రీల తేడాతో సుమారు 200 వాట్లు లాగుతుంది. కాబట్టి రెండు 360లు కావాలి, తక్కువ వద్దు.

కొనదగ్గది ఆల్ఫాకూల్ ఎస్‌టీ30, పూర్తి రాగి. చోటుంటే ఎక్స్‌టీ45. మందానికి 25 మి.మీ. ఫ్యాన్ కలుపుకుని కేబినెట్‌లో కొలవండి. 360 అని పేరే గానీ పొడవు 400 మి.మీ. దాకా వస్తుంది. లియాన్ లీ ఓ11 డైనమిక్ ఈవోలో పైనొకటి, కిందొకటి పడతాయి. ఫ్యాన్లకు ఆర్కిటిక్ పీ12 చాలు, ఒత్తిడితో గాలి తోస్తుంది, ధర తక్కువ.

చవకగా దొరికే అల్యూమినియం రేడియేటర్ మాత్రం ముట్టుకోవద్దు. రాగి బ్లాకుతో (చిప్పు మీద కూర్చుని దాని వేడిని నీళ్లకిచ్చే దిమ్మ) ఒకే నీళ్లలో కలిస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది. దాంతో తెల్లటి పొడి వచ్చి బ్లాకులోని సన్నటి గాళ్లలో పేరుకుంటుంది. ఏ లోహమో రాయని సరుకు కొనకండి.

రాగి రేడియేటర్‌ను కూడా కొన్న వెంటనే బిగించకూడదు. లోపల టంకం వేసినప్పటి ఫ్లక్స్ మిగిలి ఉంటుంది. వేడి డిస్టిల్డ్ వాటర్ సగానికి పోసి, రంధ్రాలకు ప్లగ్గులు పెట్టి, రెండు నిమిషాలు గట్టిగా ఊపి తెల్ల గిన్నెలో వంచండి. మొదటిసారి నల్లటి నలకలు తేలతాయి. నలక కనబడడం ఆగేదాకా మళ్లీ మళ్లీ చేయాల్సిందే.

స్క్రూల దగ్గర ఇంకా జాగ్రత్త. 25 మి.మీ. ఫ్యాన్‌కు 30 మి.మీ. స్క్రూ. 35 వేస్తే ఆ అదనపు 5 మి.మీ. నేరుగా నీళ్ల గొట్టంలోకి దిగి చిల్లు పెడుతుంది, రేడియేటర్ పోయినట్టే. వేసే ముందు స్క్రూను పక్కన పెట్టి చూడండి.

పంప్ విషయంలో నా ఓటు డి5 రకానికే. రెండో రకం డీడీసీ చిన్నది, తోపు ఎక్కువ, కానీ వేడెక్కుతుంది, శబ్దం కూడా కాస్త ఎక్కువే. రిజర్వాయర్‌తో (నీళ్ల ట్యాంకు) కలిసి వచ్చే డి5 తీసుకుంటే రెండు ఫిట్టింగులు (ట్యూబును పార్టుకు కలిపే బిగింపులు) ఆదా అవుతాయి. ఇది 23 వాట్ల దాకా తాగుతుంది. మదర్‌బోర్డ్ ఫ్యాన్ హెడర్ (ఫ్యాన్ వైరు తగిలించే పిన్నులు) చాలావాటిలో 12 వాట్లే ఇస్తుంది. కరెంటు ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే సాటా గానీ మోలెక్స్ గానీ కనెక్టర్ నుంచి తీసుకుని, హెడర్‌కు వేగం వైరు మాత్రమే పెట్టాలి. నీళ్లు లేకుండా కొన్ని క్షణాలు కూడా తిప్పకండి, దాని బేరింగుకు నీళ్లే నూనె.

గ్రాఫిక్స్ కార్డు బ్లాకు కొనేటప్పుడు '4080' అన్న పేరు చూసి ఆగిపోకూడదు. ఫౌండర్స్ ఎడిషన్ (ఎన్‌విడియా సొంత కార్డు) బ్లాకు వేరే కంపెనీ కార్డు బోర్డు మీద కూర్చోదు. బ్లాకు కంపెనీ జాబితాలో మీ కార్డు పూర్తి మోడల్ పేరు ఉండాలి. థర్మల్ ప్యాడ్లు (చిప్పులకు, బ్లాకుకు మధ్య వేడి దాటించే మెత్తటి పట్టీలు) పుస్తకంలో చెప్పిన మందమే వేయాలి. అర మిల్లీమీటరు ఎక్కువైనా చిప్పుకు బ్లాకు ఆనదు. కార్డు విప్పితే వారంటీ ఉంటుందా లేదా అన్నది బిల్లిచ్చే షాపులో ముందే అడగండి.

మొదటిసారికి హార్డ్ ట్యూబ్ వద్దు. వాటికి వాడే పీఈటీజీ ప్లాస్టిక్ 60 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడడం మొదలవుతుంది. మన ఎండాకాలానికి అది మరీ దగ్గర. నల్ల ఈపీడీఎం రబ్బరు సాఫ్ట్ ట్యూబ్, 10/16 మి.మీ. కొలత (లోపలి వ్యాసం 10, బయటిది 16), 3 మీటర్లు తీసుకోండి. పారదర్శకంగా ఉండే మెత్తటి ట్యూబుల్లా ఇది కాలక్రమేణా మసకబారదు. ఫిట్టింగ్ కూడా 10/16దే కావాలి, 10/13 కాలర్ (ట్యూబును పట్టి ఉంచే తిప్పుడు రింగు) ఈ ట్యూబు మీద ఎక్కదు. లెక్క: రెండు బ్లాకులకు నాలుగు, రేడియేటర్లకు నాలుగు, పంపుకు రెండు, మొత్తం పది. పైగా 90 డిగ్రీలవి ఓ నాలుగు. బారో, బిక్స్‌కీ ఫిట్టింగులు ధరకు తగ్గ పని చేస్తాయి. థ్రెడ్ అంతటా జీ1/4.

ట్యూబును నిటారుగా కోసి, కొసను వేడినీళ్లలో అర నిమిషం ముంచి, బార్బ్ (ట్యూబులోకి దూరే ఫిట్టింగు కొస) మీదికి మొదలంటా తోయాలి. కాలర్ తిప్పుతుంటే చివర్లో బిగువు పెరిగి ఓ మిల్లీమీటరు సందు మిగులుతుంది, అది మామూలే. థ్రెడ్ వైపు వేలి బలం చాలు. పట్టకారు పెడితే ఓ-రింగ్ నలుగుతుంది, యాక్రిలిక్ పగులుతుంది.

కూలెంట్: రంగులేని ప్రీమిక్స్ (నేరుగా పోసుకునేలా కలిపి అమ్మేది), లీటరు. పాలలా కనిపించే పాస్టెల్ రంగులు అడుగున పేరుకుని బ్లాకు మూస్తాయి. ఆర్‌వో నీళ్లలో లవణాలు ఇంకా మిగిలే ఉంటాయి, పనికిరావు.

నింపే ముందు గాలి పంపుతో 0.5 బార్ ఎక్కించి అరగంట ఆగండి. పంపు మీటరు ముల్లు కదలకూడదు. తర్వాత 24 పిన్ కేబులుకు జంపర్ ప్లగ్ (మదర్‌బోర్డ్ లేకుండానే ఎస్‌ఎంపీఎస్‌ను ఆన్ చేసేది) పెట్టి, ఎస్‌ఎంపీఎస్ నుంచి పంపుకు మాత్రమే కరెంటు ఇచ్చి, మిగతావన్నీ ఊడదీసి నింపండి. ఐదు సెకన్లు తిప్పడం, ఆపడం, రిజర్వాయర్ నింపడం, మళ్లీ తిప్పడం.

పార్టుల జాబితాలో చాలామంది మరిచేది డ్రెయిన్ వాల్వ్. లూప్‌లో అన్నింటికంటే కింద ఒక టీ ఫిట్టింగ్, ఒక బాల్ వాల్వ్, కొసకు ఒక ప్లగ్ పెట్టించండి. అది లేకపోతే ఏడాదికోసారి నీళ్లు మార్చేటప్పుడు ట్యూబ్ ఊడదీయాలి, ఆ నీళ్లు తిన్నగా గ్రాఫిక్స్ కార్డు మీద పడతాయి.