ఓపియాయిడ్ వ్యసనం: సెంటర్‌లో చేర్పించాలా, దగ్గర్లోని క్లినిక్‌లో మందులు వాడించాలా? ఏది మేలు?

హెరాయిన్ కావచ్చు, నొప్పికి డాక్టరు రాసిన మాత్రలతో మొదలై చెయ్యి దాటిపోయిందీ కావచ్చు, ఇంట్లో ఒకరికి ఓపియాయిడ్ అలవాటైందని తెలియగానే చుట్టూ ఉన్నవాళ్లు చెప్పేది ఒకటే: ఏదైనా డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్పించండి, నెలలో మామూలు మనిషై వస్తాడు. నా మాటైతే వేరే. చాలామందికి ఇంట్లోనే ఉంటూ దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్లి మందులు వాడటమే మేలు.

చాలా సెంటర్లలో ముఖ్యంగా జరిగేది ఒంట్లోంచి మత్తు దింపడం. ఆవలింతలు, ముక్కు కారడం, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం, ఈ బాధంతా హెరాయిన్ వాడేవాళ్లకి వారం అటూఇటూగా తగ్గుతుంది. కానీ వాడాలన్న తపన నెలల తరబడి పోదు. ఈలోగా పాత డోసుని తట్టుకునే శక్తి మాత్రం శరీరానికి పోతుంది, దాంతో బయటికొచ్చాక ఒక్కరోజు మనసు ఆగక ఎప్పుడూ తీసుకునేంతే తీసుకున్నా ఊపిరి ఆగిపోవచ్చు. జైలు నుంచి విడుదలైన తొలి వారాల్లో ఓవర్‌డోస్ మరణాలు అంత ఎక్కువగా ఉండటానికి ఇదో పెద్ద కారణం. హమ్మయ్య మానేశాడు అని ఇంటిల్లిపాదీ అనుకునే రోజులే చాలా ప్రమాదమైనవి, ఈ సంగతి డిశ్చార్జి రోజున ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి చెప్పాలి.

క్లినిక్‌లో ఇచ్చేవి ప్రధానంగా మెథడోన్, బుప్రెనార్ఫిన్ అనే మందులు, ఇవీ ఓపియాయిడ్లే. రెండూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. ఇవి వాడుతున్నంత కాలం చనిపోయే ముప్పు బాగా తగ్గుతుంది, ఆపేస్తే మళ్లీ పెరుగుతుంది. ఫ్రాన్స్‌లో 1990ల మధ్యలో మామూలు ఫ్యామిలీ డాక్టర్లే బుప్రెనార్ఫిన్ రాసే వీలు కల్పించాక కొన్నేళ్లకే ఓవర్‌డోస్ మరణాలు బాగా పడిపోయాయి. ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేయడమేగా అని అడుగుతారు. కాదు. సరైన డోసులో ఇవి కిక్కు ఇవ్వవు, విత్‌డ్రాయల్‌నీ (మానేసినప్పుడు వచ్చే ఆ బాధనీ) తపననీ ఆపి మనిషిని పనికి వెళ్లనిస్తాయి. బీపీ మాత్ర ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లని మనం వ్యసనపరులు అనం కదా.

ఈ రెండిట్లో ఏది? మెథడోన్ ఎక్కువగా ద్రవంగా ఇస్తారు, చాలాచోట్ల మొదట్లో రోజూ నర్సు ఎదుటే తాగాలి. ఎక్కువ మోతాదులో వాడినవాళ్లు దీనితో చికిత్సలో నిలబడే అవకాశం ఎక్కువ. కాకపోతే డోసు నిదానంగా పెంచాలి, తొలి వారాల్లో జాగ్రత్తగా చూడాలి, గుండె లయ మీద ప్రభావం ఉంటుంది. బుప్రెనార్ఫిన్ ఒక స్థాయి దాటాక ఊపిరిని అంతకంటే అణచదు కాబట్టి భద్రత ఎక్కువ, ఇంటికీ ఇచ్చి పంపొచ్చు. మింగకూడదు, నాలుక కింద పెట్టుకుని పూర్తిగా కరిగేదాకా మాట్లాడకుండా ఉండాలి. మొదటి డోసు మాత్రం విత్‌డ్రాయల్ మొదలయ్యాకే వేయాలి, తొందరపడి వేస్తే ఉన్నట్టుండి తీవ్రమైన బాధ వస్తుంది, ఈ మందు నాకు పడలేదని చాలామంది వదిలేసేది అక్కడే. ఉద్యోగం ఉండి రోజూ రాలేనివాళ్లకి నేనైతే ముందు ఇదే అడగమంటాను.

ఓపియాయిడ్ పనిచేయకుండా అడ్డుకునే మందు ఇంకోటి ఉంది, నాల్ట్రెక్సోన్. ఇంజెక్షన్ నెలకొకటి. వినడానికి సుఖంగానే ఉంటుంది గానీ మొదలుపెట్టాలంటే ముందు వారం పది రోజులు ఏ ఓపియాయిడూ తీసుకోకూడదు, చాలామంది అక్కడిదాకానే రాలేరు.

అన్ని క్లినిక్‌లూ మంచివే అనడం లేదు. మూత్ర పరీక్షలో దొరికాడని పేరు కొట్టేసే క్లినిక్ ఆ మనిషిని మళ్లీ ప్రమాదంలోకే తోస్తుంది. డోసుకి రాని రోజు ఫోన్ చేసి ఎక్కడున్నావు, బాగున్నావా అని అడిగే మనిషి, అందులోనూ ఒకప్పుడు తనూ వాడి కోలుకున్న మనిషి ఉన్న చోటు దొరికితే వదులుకోవద్దు.

ఉండటానికి ఇల్లు లేకపోయినా, ఇంట్లోనే ఇంకొకరు వాడుతున్నా, ఆత్మహత్య ఆలోచనలున్నా సెంటరో ఆసుపత్రో మేలు. మద్యానికో నిద్రమాత్రలకో కూడా అలవాటుపడిన వాళ్లయితే తప్పదు, వాటిని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. చేర్పించే ముందు రెండే అడగండి: అక్కడే బుప్రెనార్ఫిన్ గానీ మెథడోన్ గానీ మొదలుపెడతారా, డిశ్చార్జి అయ్యాక ఏ క్లినిక్‌కి అప్పగిస్తారు? జవాబు లేకపోతే ఇంకోచోటు చూడండి. కట్టేసి కొట్టే చోటికి ఎట్టి పరిస్థితుల్లోనూ పంపొద్దు.

ఏ దారి పట్టినా, దొరికే చోటైతే ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కి విరుగుడైన నాలోక్సోన్ ఇంట్లో ఉంచుకోండి. కనుపాపలు సూదిమొనంత అయిపోయి, పెదాలు నీలిబడి, లేపినా లేవకపోతే వెంటనే అది వేసి అంబులెన్స్ పిలవండి. దాని పని అరగంట నుంచి గంటన్నర లోపు అయిపోతుంది, మత్తు అంతకంటే ఎక్కువసేపు ఉండొచ్చు, కాబట్టి లేచి కూర్చున్నాడు కదా అని ఒంటరిగా వదిలి వెళ్లొద్దు.