జేస్టోర్ ఉచిత ఖాతా: ఐదేళ్లు వాడాక, బరంపురం నుంచి

పరిశోధన పత్రికల వ్యాసాలను ఆన్‌లైన్‌లో దాచి ఉంచే జేస్టోర్ గురించి నాటకరంగం మీద పనిచేసేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేను రాస్తున్నది దాని ఉచిత ఖాతా గురించే. 30 రోజుల్లో 100 వ్యాసాల దాకా తెరమీదే చదువుకోవచ్చు. మాది చిన్న ప్రైవేటు కాలేజీ, లైబ్రరీకి నాటకం మీద విదేశీ పత్రిక ఒక్కటీ రాదు. 1984లో మొదలైన ఏషియన్ థియేటర్ జర్నల్ పాత సంచికలు నేను మొదటిసారి చూసింది ఫోన్‌లోనే. ఆ రాత్రి నిద్రపోలేదు. నాలాంటివాడికి ఇంతకన్నా మంచిది లేదని అందరికీ చెప్పాను.

హింజిలి దగ్గర ఒక ఊళ్లో ప్రహ్లాద నాటకం అనే ఒడియా జానపద నాటకం ఆడే బృందం ఉంది. మెట్లమెట్లుగా కట్టిన వేదిక, ఒడియా పాటల్లో మన వీధి భాగవతం పోలికలు. వాళ్ల గాహకుడిది, అంటే ప్రధాన గాయకుడిది, డెబ్బై దాటిన వయసు, తెలుగు బాగా తెలుసు. ఒకరోజు రిహార్సల్ అయ్యాక, కూచిపూడి ప్రవేశ దరువు (పాత్ర వేదిక మీదికి వచ్చేటప్పటి పాట) మీద పాత వ్యాసం ఒకటి ఫోన్‌లో తెరిచి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. సగంలో నన్ను ఆపి, హిరణ్యకశిపుడు వచ్చేటప్పటి పాట ఎత్తుకున్నారు. నాకు ఒళ్లు జలదరించింది. పాట అయ్యాక, “మా నాటకం గురించి కూడా ఇందులో రాశారా బాబూ?” అని అడిగారు. వెతికితే దొరికింది చాలా తక్కువ. నేనే రాస్తానని మాటిచ్చాను.

రెండేళ్లకు నా వ్యాసాన్ని ఒక విదేశీ పత్రిక వేసుకుంది. అందరూ ఉచితంగా చదివేలా ఉంచాలంటే అడిగిన రుసుము నా నాలుగు నెలల జీతం పైమాటే. కట్టలేకపోయాను. సూరత్ పవర్‌లూమ్‌లో పనిచేసే గాహకుడి మనవడు వ్యాసం వెతికి పట్టుకుని, “మా తాత పాట గురించి చదవడానికి ఇంత ధరా మాస్టారూ?” అని మెసేజ్ పెట్టాడు. నా కాపీ పంపాను గానీ, ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఉచిత ఖాతాలోనూ అది లేదు. చాలా పత్రికలు కొత్త సంచికలను కొన్నేళ్ల దాకా అక్కడ పెట్టనివ్వవు, ఆ గడువు ప్రచురణకర్తల చేతిలో ఉంటుంది. కాబట్టి నేను ముందు చెప్పిన మంచిమాట పాత సంచికల వరకే.

ప్రభుత్వ కాలేజీవాళ్లకు ఈ ఖాతాతో అంత పని ఉండకపోవచ్చు. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 30 ప్రచురణ సంస్థల పత్రికలు, దాదాపు 13,000, వాళ్లకు అందుతున్నాయి. మా కాలేజీ అందులోకి రాదు. నాకు ఇప్పటికీ ఈ ఖాతాయే ఆధారం.

దరువుల మీద రెండో వ్యాసం రాస్తున్నాను. చదివేవాళ్లనీ రాసేవాళ్లనీ డబ్బు అడగని పత్రికకే ఇస్తాను, దాని పేరు చిన్నదైనా సరే. సూరత్‌లో ఆ అబ్బాయి లింకు నొక్కగానే తెరుచుకోవాలి.