పాఠం వీడియోకి ఏది మేలు: యూట్యూబ్ అన్‌లిస్టెడ్డా, యూనివర్సిటీ మీడియా పోర్టలా?

ఈ సెమిస్టర్ మొదలైన దగ్గర్నుంచి కావలి, ఒంగోలు వైపు పనిచేసే తోటి లెక్చరర్లు నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింకు గ్రూపులో వేస్తే సరిపోదా మేడమ్? ఈ పోర్టల్ తలనొప్పి మనకెందుకు?" అన్‌లిస్టెడ్ అంటే వెతికితే దొరకదు, లింకు ఉన్నవాళ్ళకే తెరుచుకుంటుంది. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పేటప్పుడు సగమే చెప్పగలుగుతున్నాను. అందుకే నాకు అనుభవంలోకి వచ్చినదంతా ఇక్కడ రాస్తున్నాను.

నేను నెల్లూరులో ఆక్వాకల్చర్ పాఠాలు చెబుతాను. నా వీడియోల్లో సగం క్లాసులో స్లైడ్ల మీద చెప్పినవి, మిగతా సగం గంగపట్నం, మైపాడు వైపు రొయ్యల గుంటల గట్ల మీద ఫోన్‌తో తీసినవి. మా దగ్గర మూడుల్‌కి, అంటే కోర్సు పేజీలు, నోట్సు పెట్టే ఆన్‌లైన్ వేదికకు, కల్తూరా అనే మీడియా పోర్టల్‌ను కలిపి ఇచ్చారు. వీడియోలు దాచి, చూపించేది ఈ పోర్టలే. మీ దగ్గర అలాంటిదే పనాప్టో ఉండొచ్చు. బటన్ల పేర్లు మారతాయి కానీ పద్ధతి ఇంచుమించు ఒకటే. కాబట్టి అసలు పోటీ యూట్యూబ్‌కీ ఇలాంటి పోర్టల్‌కీ మధ్యే.

ముందు యూట్యూబ్ సంగతి. డబ్బు కట్టాల్సిన పని లేదు. ఫోన్ నంబరుతో అకౌంట్ వెరిఫై చేసుకుంటే 15 నిమిషాల పరిమితి పోయి 12 గంటల వీడియో దాకా పెట్టుకోవచ్చు. పిల్లల ఫోన్లలో యాప్ ఎటూ ఉంటుంది, లాగిన్ గొడవ లేదు. సిగ్నల్ తగ్గితే క్వాలిటీ దానంతట అదే తగ్గుతుంది, వీడియో ఆగిపోదు. వెలిగొండల పక్క ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. లెక్క వేసి చూడండి: సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున అరగంట పాఠం చూస్తే 900 ఎంబీ ఖర్చవుతుంది. అదే పాఠం అర మెగాబిట్‌తో నడిస్తే 112 ఎంబీతో అయిపోతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ రీఛార్జ్ మీద నాలుగు సబ్జెక్టులు చదివే పిల్లవాడికి ఆ తేడా బాగా తెలుసు.

కల్తూరా కూడా ఈ పని చేస్తుంది. మనం ఒక ఫైలు అప్‌లోడ్ చేస్తే రకరకాల సైజుల్లో కాపీలు తయారుచేసి, నెట్ వేగాన్ని బట్టి వాటిలో ఒకటి పంపుతుంది. ఆ కాపీలు తయారయ్యేదాకా ప్రాసెసింగ్ అని చూపిస్తుంది, అంతే. అందుకే పొద్దున తొమ్మిది గంటల క్లాసుకు ఎనిమిదిన్నరకు అప్‌లోడ్ మొదలుపెట్టకండి. ముందు రోజు సాయంత్రమే పెట్టేసి, మీ ఫోన్‌లో ఒకసారి తెరిచి చూసుకోండి.

ఇంతవరకు రెండూ సమానమే. నన్ను ఒక పక్కకు తిప్పింది ఇంకో విషయం. పాఠంలో తప్పు దొర్లితే దాన్ని ఎక్కడ, ఎలా దిద్దుతాం?

గుంటలో నీళ్ళ ఘనపరిమాణం కట్టి, ఏ మందైనా ఒక పీపీఎం (పది లక్షల వంతుల్లో ఒక వంతు) రావాలంటే ఎంత పడుతుందో లెక్కించడం మీద ఒక వీడియో చేశాను. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. లోతుతో గుణిస్తే నీళ్ళు ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. ఒక్కో ఘనపు మీటరుకు ఒక గ్రాము కలిస్తే ఒక పీపీఎం. ఎకరా గుంటకు నోటితో ఐదడుగుల లోతు అని చెప్పాను. ఐదడుగులంటే మీటరున్నర. లెక్కలో మాత్రం ఒక మీటరే వేశాను. ఆరు కిలోలు పైగా రావాల్సిన చోట నాలుగు కిలోలు అని చెప్పేశాను. వీడియో చేసి, రెండుసార్లు చూసి కూడా ఆ తప్పు పట్టుకోలేకపోయాను. మూడు వారాల తర్వాత ఇందుకూరుపేట నుంచి వచ్చే విద్యార్థి ఒకడు క్లాసు అయ్యాక వచ్చి, "మేడమ్, మా నాయన ఆ వీడియో చూసినాడు. ఐదడుగుల గుంటకు నాలుగు కిలోలు ఎట్టా సరిపోతుందని అడుగుతున్నాడు" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా పాఠం మార్కుల కోసం మాత్రమే వినేది కాదు, మా పిల్లల్లో చాలామంది ఇళ్ళలో గుంటలున్నాయి.

అప్పటికి ఆ వీడియో యూట్యూబ్‌లో ఉంది. యూట్యూబ్‌లో ఒకసారి పెట్టిన వీడియో స్థానంలో వేరే ఫైలు పెట్టడం కుదరదు. యూట్యూబ్ స్టూడియో అనే ఎడిట్ పేజీలో కొంత ముక్క కత్తిరించుకోవచ్చు, కొంత భాగాన్ని మసకబార్చుకోవచ్చు. అలా చేసినా లింకు మారదు, అది మంచిదే. కానీ నా విషయంలో తప్పున్న ముక్క కత్తిరిస్తే లెక్కే మిగలదు. సరైన లెక్కతో మళ్ళీ తీస్తే అది కొత్త వీడియో, కొత్త లింకు. పాత లింకు ఎక్కడెక్కడ ఉందో రాసుకుంటూ పోయాను: రెండు సెక్షన్ల మూడుల్ పేజీలు, అంతకుముందు బ్యాచ్ పేజీ, మూడు వాట్సాప్ గ్రూపులు, నోట్సు మీద అచ్చువేసిన క్యూఆర్ కోడ్. పేజీలు ఒక్కొక్కటి తెరిచి మార్చాను. గ్రూపుల్లో కొత్త లింకు వేశాను. అచ్చులోకి వెళ్ళిన కోడ్‌ను మాత్రం ఏమీ చేయలేకపోయాను. పాత వీడియోను ప్రైవేట్ చేసేశాను. ఆ కోడ్ స్కాన్ చేసిన పిల్లలకు వీడియో లేదనే కనిపిస్తుంది.

కల్తూరాలో ఈ పని వేరుగా ఉంటుంది. వీడియో ఎడిట్ పేజీలో రీప్లేస్ అని ఒక ట్యాబ్ ఉంది. కొత్త ఫైలు అక్కడ అప్‌లోడ్ చేస్తే అదే ఎంట్రీలో, అంటే పోర్టల్‌లో ఆ వీడియోకు ఉన్న చోటులోనే, పాతది పోయి కొత్తది కూర్చుంటుంది. ఎంట్రీ నంబరు అదే ఉంటుంది కాబట్టి లింకు, ఎంబెడ్ కోడ్ (వీడియోను వేరే పేజీలో చూపించే కోడ్) రెండూ మారవు, అంతవరకు చూసినవాళ్ళ లెక్క కూడా పోదు. ఆ వీడియో పది పేజీల్లో ఉన్నా పది చోట్లా ఒకేసారి మారిపోతుంది. నా దృష్టిలో పోర్టల్ వైపు వెళ్ళడానికి ఈ ఒక్క కారణం చాలు.

అయితే ఇందులో జాగ్రత్త పడాల్సిన చోట్లు ఉన్నాయి. క్యాప్షన్లు పాత వీడియో టైమింగ్ ప్రకారమే ఉండిపోతాయి. కొత్త వీడియో పది సెకన్లు ఎక్కువైనా మాటకూ అక్షరానికీ పొంతన కుదరదు, మళ్ళీ సరిచేసుకోవాలి. రెండోది, పోర్టల్‌లోని ఎడిటర్‌తో ముక్కలు కత్తిరించేటప్పుడు సేవ్ అని ఒకటి, సేవ్ ఎ కాపీ అని ఇంకోటి ఉంటాయి. సేవ్ నొక్కితే ఉన్న వీడియోనే మారుతుంది. కాపీ నొక్కితే కొత్త ఎంట్రీ పుడుతుంది, పిల్లలు చూసే పేజీలో పాతదే ఉండిపోతుంది. నా కొలీగ్ ఒకాయన ఇలాగే కాపీ నొక్కి, తప్పు దిద్దేశాననుకుని నెల రోజులు గడిపారు. ఏ మార్పు చేసినా విద్యార్థి చూసే పేజీకి వెళ్ళి కళ్ళతో చూసుకోవాలి. కొద్దిసేపు పాతదే కనిపించినా కంగారు పడకండి, పేజీ రిఫ్రెష్ చేసి చూడండి.

లింకు నిలకడ గురించే యూట్యూబ్ విషయంలో ఇంకో మాట. 2017 జనవరి 1కి ముందు అన్‌లిస్టెడ్‌గా పెట్టిన వీడియోలను యూట్యూబ్ 2021 జూలైలో ప్రైవేట్‌గా మార్చింది. ముందుగా తెలియజేసి, వద్దనుకునేవాళ్ళకు దారి కూడా చూపించింది. కారణం భద్రతే. కానీ ఆ ఈమెయిల్ చూసుకోని టీచర్ల పాత పాఠాలు, ఎక్కడెక్కడో ఎంబెడ్ చేసినవి, తెరుచుకోకుండా పోయాయి. అన్‌లిస్టెడ్ అంటే మన అల్మరాలో పెట్టుకున్నట్టు కాదు. ఆ లింకు ఎవరి చేతికి చిక్కినా చూడొచ్చు, ఎవరికైనా పంపొచ్చు. మనం డబ్బు కోసం పెట్టకపోయినా ప్రకటనలు రావచ్చు. పాఠం అయిపోయాక పక్కనే వేరే వీడియోలు పిలుస్తుంటాయి. పద్దెనిమిదేళ్ళ పిల్లలకు ఆ పిలుపు ఎంత గట్టిగా వినిపిస్తుందో మనకు తెలియనిది కాదు.

అందుకే ఎక్కడ పెట్టినా సరే, లింకు విసిరేయకుండా మూడుల్ పేజీలోనే ఎంబెడ్ చేయమని చెబుతాను. వీడియో పైన నాలుగు వాక్యాల పరిచయం, కింద రెండు ప్రశ్నలు ఉంటే అది పాఠం అనిపిస్తుంది. కల్తూరా మూడుల్‌కి కలిసి ఉంటే ఎడిటర్‌లోనే బటన్ వస్తుంది, మై మీడియాలోంచి వీడియో ఎంచుకుంటే చాలు. బయటి వెబ్‌సైట్ పేజీలో పెట్టాలంటే మాత్రం షేర్ కింద ఉన్న ఎంబెడ్ కోడ్ తీసుకోవాలి. అప్పుడు సైజు దగ్గర రెస్పాన్సివ్ అన్నది ఎంచుకోండి. 640 అని కొలత కట్టేస్తే ఫోన్ స్క్రీన్‌లో కుడి పక్క తెగిపోతుంది. కొత్తగా అప్‌లోడ్ చేసిన వీడియో మొదట ప్రైవేట్‌గా ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. నాకు వచ్చే ఫిర్యాదుల్లో "మేడమ్, తెరుచుకోవడం లేదు" అన్నవాటిలో చాలా వరకు అది అన్‌లిస్టెడ్‌గానో పబ్లిష్‌గానో మార్చకుండా లింకు పంపినవే.

వచ్చే ఏడాది కోర్సు కాపీ చేసుకున్నప్పుడు కూడా ఎంబెడ్ కోడే వెళుతుంది, వీడియో ఫైలు కాదు. అంటే మూడేళ్ళ బ్యాచ్‌ల పేజీలన్నీ ఒకే ఎంట్రీని చూపిస్తుంటాయి. ఈ ఏడు దిద్దితే వెనక్కి కూడా దిద్దినట్టే.

పోర్టల్‌తో ఉన్న ఇబ్బంది దాచిపెట్టను. అది సంస్థది, మనది కాదు. ఉద్యోగం మారితే అకౌంట్ పోవచ్చు, దాంతో వీడియోలూ పోవచ్చు. కాంట్రాక్టు మీద, గెస్ట్‌గా పనిచేసేవాళ్ళు దీన్ని బాగా ఆలోచించుకోవాలి. వాళ్ళకు సొంత యూట్యూబ్ ఛానల్ ఉండడమే న్యాయం అనిపిస్తుంది నాకు. ఎవరైనా సరే, అసలు ఫైలును తారీఖు పేరుతో హార్డ్ డిస్క్‌లో పెట్టుకోండి. లాగిన్ సంగతి కూడా ఉంది. మొదటి రెండు వారాలు పాస్‌వర్డ్ మర్చిపోయిన పిల్లల ఫోన్లతోనే సరిపోతుంది.

రికార్డింగ్ విషయంలో యూట్యూబ్ నుంచి మనకు పెద్దగా ఉపయోగం లేదు, వీడియో తీసుకెళ్ళి పెట్టడమే. పోర్టల్‌లో అయితే బ్రౌజర్‌లోనే స్క్రీన్, కెమెరా కలిపి రికార్డు చేసే సౌకర్యం ఉంది. పది నిమిషాల స్లైడ్ల పాఠానికి అది హాయి. కానీ అప్‌లోడ్ పూర్తయ్యేదాకా ఆ ట్యాబ్ మూయకూడదు, మూస్తే చెప్పిందంతా పోతుంది. కరెంటు మీద నమ్మకం లేని చోట కంప్యూటర్‌లో వేసుకునే రికార్డర్ మేలు, ఫైలు మన దగ్గరే ఉంటుంది. గుంట గట్టు మీదైతే ఫోన్ తప్ప దారి లేదు. ఫోన్ అడ్డంగా పట్టుకోండి, కాలర్ మైకు పెట్టుకోండి. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల హోరులో చెక్ ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్ళెం) ఎంత బాగా చూపించినా మాట వినపడకపోతే పాఠం లేనట్టే. ఐఫోన్‌తో తీసేవాళ్ళు కెమెరా ఫార్మాట్ మోస్ట్ కంపాటిబుల్‌కి మార్చుకుంటే పాత కంప్యూటర్లలో ఎడిట్ చేసేటప్పుడు ఇబ్బంది రాదు.

గూగుల్ డ్రైవ్ గురించి కూడా అడుగుతున్నారు. మేనేజ్ వెర్షన్స్‌లో లింకు మారకుండా ఫైలు మార్చుకోవచ్చు, అది దాని గొప్ప. కానీ పరీక్ష ముందు రోజు అందరూ ఒకేసారి తెరిస్తే పరిమితి దాటిందని ఆపేసే అవకాశం ఉంది. మూడుల్‌లోకి నేరుగా వీడియో ఫైలు ఎక్కించడం వద్దు. అది సైజు తగ్గించదు, ఉన్నది ఉన్నట్టు పంపుతుంది. పిల్లల డేటా, కాలేజీ సర్వర్ రెండూ నలిగిపోతాయి. వాట్సాప్‌లో ఫైలు పంపడం అసలే వద్దు, కారణం చివర్లో చెబుతాను.

ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి ఇది. అంకెలున్న పాఠం ఏదైనా, అంటే మోతాదు, పీపీఎం, మేత లెక్క, ఉప్పు శాతం లాంటివి పోర్టల్‌లోనే పెడతాను, మూడుల్ పేజీలో ఎంబెడ్ చేస్తాను. చేతిపని చూపించే వీడియోలు, అంటే చెక్ ట్రే ఎత్తి చూడడం, వనామీ రకం రొయ్య పిల్లలను గుంట నీళ్ళకు అలవాటు చేసి వదలడం లాంటివి యూట్యూబ్‌లో పబ్లిక్‌గా పెడతాను. అవి మా పిల్లలకే కాదు, కొత్తపట్నంలోనో విడవలూరులోనో ఉన్న రైతుకు కూడా వెతికితే దొరకాలి. పోర్టల్‌లో దాచితే ఆయనకు ఎప్పటికీ కనపడవు. అలాంటి వీడియోలో అంకె చెప్పాల్సి వస్తే నోటితో చెప్పను, కింద డిస్క్రిప్షన్‌లో రాస్తాను. దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఇక వాట్సాప్ సంగతి. ఆ గుంట లెక్క వీడియోను అప్పట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు డౌన్‌లోడ్ చేసి ఇళ్ళలో పంపుకున్నారు. ఆ కాపీల మీద ఏ పోర్టల్‌కీ అధికారం లేదు. నాకు తెలిసినంతవరకు ఒక్కొక్కరికి ఫోన్ చేసి, "ఐదడుగులైతే ఆరు కిలోలు, నాలుగు కాదు" అని చెప్పి, పాతది తీసేయమన్నాను. ఇందుకూరుపేట నాయనకు ముందుగా చేశాను. ఆయన, "మేము ఎట్టాగూ ఆరే వేశాములే అమ్మా" అన్నారు. లెక్కల వీడియోలకు డౌన్‌లోడ్ ఆప్షన్ ఆ రోజు నుంచి తీసేసి ఉంచుతున్నాను.