రికార్డ్ అవుతోందా, లేదా?

హాలియా దగ్గర మా పెద్దమ్మ ఊరు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వదిలాక నాట్లు మొదలైతే ఆమె పాట అందుకునేది, మిగతా ఆడవాళ్లు వెనక పలికేవాళ్లు. 2014 వానాకాలంలో ఆ పాటలన్నీ పట్టుకోవాలని కొత్త రికార్డర్ కొనుక్కుని వెళ్లాను. ఇంటి ముందు అరుగు మీద కూర్చోబెట్టి, బటన్ నొక్కి, గంటకు పైగా పాడించుకున్నాను. చివర్లో మా చెల్లె కొడుకు వచ్చి, "మామా, ఇది లైటు కొట్టుకుంటున్నది, గట్లనే ఉండాల్నా?" అని అడిగాడు.

అట్లా ఉండకూడదు. ఆ రికార్డర్‌లో బటన్ ఒకసారి నొక్కితే సిద్ధంగా నిలబడుతుంది, రెండోసారి నొక్కితేనే రికార్డింగ్ మొదలవుతుంది. ఎర్రలైటు ఆగి ఆగి వెలిగితే ఒక అర్థం, నిలకడగా వెలిగితే ఇంకో అర్థం. చూపున్నవాళ్లకు అది క్షణంలో తెలిసిపోతుంది. నాకు పుట్టుకతోనే చూపు లేదు. పెట్టె నోరు విప్పదు, చిన్న బీప్ కూడా లేదు. గంటసేపు పాడిన పాటల్లో ఒక్క ముక్క కూడా పడలేదు.

"పోనీ కొడుకా, మల్ల పాడుత తియ్యి" అని పెద్దమ్మ మళ్లీ పాడింది. కానీ అలసిపోయింది. కోడలు పుట్టింటికి పోయే పొడుగు పాట ఒకటి మాత్రం సగంలోనే ఆపేసింది. ఆ తర్వాత రెండు నెలలకే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

అప్పటినుంచి రికార్డర్ కొనేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. రికార్డ్ అవుతోందా లేదా అన్నది పక్కన ఎవరూ లేకుండా, ఎవరినీ అడగకుండా నాకు తెలుస్తుందా? మైకు ఎంత మంచిది, మెమొరీ ఎంత, ధర ఎంత అన్నవి ఆ తర్వాత. నల్లగొండలో సర్కారు బడిలో సోషల్ చెబుతాను. ఆదివారాలు, సెలవుల్లో ఊళ్లు తిరిగి పాటలు, కథలు రికార్డ్ చేస్తాను. చిన్నప్పటి హాస్టల్ రోజుల టేప్‌రికార్డర్ నుంచి ఇప్పటిదాకా నా చేతిలో చాలా యంత్రాలు నలిగాయి. నాలాంటివాళ్లు ఎవరైనా కొనాలనుకుంటే పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

నిజానికి మా అవసరానికి పాత క్యాసెట్ టేప్‌రికార్డర్ చాలా మంచి యంత్రం. రికార్డ్, ప్లే రెండు మీటలూ కలిపి నొక్కితే టక్కున కిందికి దిగి అక్కడే నిలబడేవి. వేలు పెడితే చాలు, నడుస్తోందో లేదో తెలిసేది. చెవి దగ్గర పెట్టుకుంటే చక్రం తిరిగే సన్నని చప్పుడు. టేప్ అయిపోతే మీటలు వాటంతట అవే పైకి ఎగిరేవి. డిజిటల్ వచ్చాక మీటలు మెత్తని బటన్లయ్యాయి. నొక్కినా నొక్కకపోయినా వేలికి ఒక్కలాగే ఉంటాయి. చప్పుడు పోయింది, సమాచారమంతా తెర మీదికి వెళ్లిపోయింది. తెర మీదికి పోయినదాన్ని మళ్లీ మాటగా తెచ్చిచ్చే రికార్డరే మనకు కావాలి.

అట్లాంటిది నాకు మొదట దొరికింది ఒలింపస్ డీఎం వరసలోది. హైదరాబాద్‌లో ఒక మిత్రుడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, ఆరేళ్లకు పైగా వాడాను. మెనూలో ఎక్కడున్నానో ఇంగ్లిష్‌లో చెప్పేది. ఏ, బీ, సీ, డీ, ఈ అని ఐదు ఫోల్డర్లు. ఏలో పాటలు, బీలో కథలు, సీలో బడి మీటింగులు అని పంచుకున్నాను. ఫోల్డర్ మారగానే అక్షరం పలుకుతుంది కాబట్టి వెతుకులాట తప్పింది. ఎంపీ3లో రికార్డ్ చేసుకోవచ్చు, కాబట్టి ఫైళ్లు చిన్నవి, వాట్సాప్‌లో పంపడం తేలిక. 2021లో ఒలింపస్ ఈ విభాగం ఓఎం డిజిటల్ సొల్యూషన్స్ చేతికి వెళ్లింది. పాత డీఎం రికార్డర్ ఎవరైనా చవగ్గా ఇస్తానంటే, అందులో మాటల సదుపాయం ఉందో లేదో ముందు విని మరీ తీసుకోండి. క్లాసు పాఠాలకు, మీటింగులకు ఇప్పటికీ నాకది ఇష్టమే.

పాటల దగ్గరికి వచ్చేసరికి ఇంకో చిక్కు బయటపడింది. అది మాటలతో తీరేది కాదు. అదే లెవెల్.

రికార్డర్లలో శబ్దం ఎంత గట్టిగా లోపలికి తీసుకోవాలో ముందే కుదుర్చుకోవాలి. తక్కువ పెడితే గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఎక్కువ పెడితే గట్టి శబ్దం వచ్చినచోట చిట్లిపోతుంది. ఆ చిట్లినదాన్ని తర్వాత ఎవరూ బాగు చేయలేరు. చూపున్నవాళ్లు తెర మీద గీత పెరుగుతూ తగ్గుతూ ఉంటే చూసి సరిచేసుకుంటారు. మనం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చెవితో అంచనా వేయాలి. పక్కనే డోలు మోగుతుంటే ఇయర్‌ఫోన్స్‌లో వినపడేది ఎంత, బయట వినపడేది ఎంత అని ఎట్లా విడదీస్తాం?

2019లో దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు వెళ్లాను. రెండేళ్లకొకసారి లింగమంతుల స్వామికి జరిగే జాతర అది. భేరీలు, గజ్జెల లాగులు, "ఓ లింగా" అని వేల గొంతులు. లెవెల్ కుదుర్చుకున్నాననే నమ్మాను. ఇంటికొచ్చి వింటే భేరీ దెబ్బ పడ్డ ప్రతిచోటా కాగితం చింపినట్టు బరబర. తప్పు యంత్రానిది కాదు, కుదుర్పు నాదే. కానీ కుదుర్చుకోవడానికి నా దగ్గర దారి లేకపోవడమే అసలు బాధ.

అందుకే జూమ్ కంపెనీ 2024లో తెచ్చిన హెచ్1 ఎసెన్షియల్ గురించి విన్నప్పుడు చాలా ఆత్రంగా తెప్పించుకున్నాను. పదివేలు దాటింది. నా జీతంలో అది చిన్న మాట కాదు. అయినా దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నా రెండు చిక్కులనూ కలిపి తీర్చిన రికార్డర్ ఇదొక్కటే.

మొదటిది మాట. మెనూలో ఏ ఆప్షన్ మీద ఉన్నానో పలుకుతుంది. తెలుగు లేదు, ఇంగ్లిష్‌లో పెట్టుకున్నాను. రెండోది 32-బిట్ ఫ్లోట్. దీన్ని మా పిల్లలకు చెప్పినట్టు చెబుతాను. మామూలు రికార్డర్ ఒక చెంబు లాంటిది. నీళ్లు ఎక్కువైతే పొర్లిపోతాయి, పొర్లినవి మళ్లీ రావు. ఇది చెరువు లాంటిది. చుక్క పడ్డా నిలుస్తుంది, వరద వచ్చినా నిలుస్తుంది. మనం తర్వాత తీరిగ్గా కావాల్సినంత తోడుకోవచ్చు. కాబట్టి రికార్డ్ చేసేముందు లెవెల్ పెట్టే పనే లేదు. తెర చూసి చేయాల్సిన పని ఒకటి పూర్తిగా మాయమైపోయింది. ఈ సదుపాయం అంధుల కోసమే పెట్టింది కాకపోవచ్చు, మేలు మాత్రం అందరికన్నా మనకే ఎక్కువ జరిగింది.

2025 ఫిబ్రవరిలో మళ్లీ పెద్దగట్టు. ఒక ముసలాయన నా చెవి దగ్గర మెల్లగా గొర్రెల మందల సంగతి చెబుతున్నాడు. ఐదు నిమిషాల్లో భేరీల గుంపు పక్కకే వచ్చేసింది. నేను దేన్నీ ముట్టుకోలేదు. ఇంటికొచ్చి వింటే ముసలాయన మాటా ఉంది, భేరీ దెబ్బా గుండ్రంగా నిలిచి ఉంది. ఆ రాత్రి మూడుసార్లు విన్నాను. అయితే మైకుకు కూడా ఒక హద్దు ఉంటుంది. 120 డెసిబెల్స్ దాకా తట్టుకుంటుందని కంపెనీ లెక్క. భేరీకి మరీ ఆనించి పెడితే ఫ్లోట్ కూడా కాపాడలేదు. నేను మాటకు మూరెడు దూరం, డోలుకు పది అడుగుల దూరం అని లెక్క పెట్టుకున్నాను. మూరకు నా చెయ్యి ఉంది, అడుగులకు నా కాళ్లున్నాయి.

కష్టాలూ ఉన్నాయి. ఇది ఎంపీ3లో రికార్డ్ చేయదు, ఫ్లోట్ వేవ్ ఫైళ్లే. 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో గంటకు దాదాపు 1.4 జీబీ అవుతుంది. 32 జీబీ కార్డులో ఇరవై మూడు గంటలు పడతాయి. అది చాలు. కానీ ఫోన్‌లో ఎవరికైనా పంపాలంటే కంప్యూటర్ తప్పదు. పైగా ఫైలు ఉన్నదున్నట్టు వింటే ఒక్కోసారి చాలా మెల్లగా వినిపిస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో పెంచుకోవాలి. తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌తో, శబ్దాన్ని సరిచేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ వాడతాను, రెండూ ఉచితమే. కీబోర్డుతోనే మొత్తం పని అయిపోతుంది. కంప్యూటర్ జోలికి అసలు వెళ్లనివాళ్లకు మాత్రం ఈ రికార్డర్ కొనమని చెప్పను. వాళ్లకు సగం పని ఎప్పుడూ మిగిలిపోయే ఉంటుంది, దాంతో విసుగొస్తుంది.

రెండు సన్న పెన్సిల్ సెల్స్‌తో (ట్రిపుల్ ఏ) నడవడం నాకు బాగా నచ్చింది. దేవరకొండ అవతల తండాల్లో కూడా కిరాణా కొట్టులో దొరుకుతాయి. లోపల బిగించిన బ్యాటరీ ఉంటే ఛార్జింగ్ అయిపోయిన చోట పని ఆగిపోతుంది. ముఖ్యమైన పని ఉన్నరోజు సగం మిగిలిన సెల్స్ తీసేసి కొత్తవి వేసుకుంటాను. తీసినవి టీవీ రిమోట్‌కు పోతాయి.

మెమొరీ కార్డు గోరంత ఉంటుంది. పొలం గట్టున మార్చబోయి జారిపడితే దొరకదు. ఒకసారి అట్లా పోయింది కూడా. ఇప్పుడు ఇంట్లో మంచం మీద, పళ్లెం పెట్టుకుని మారుస్తాను.

తేదీ, సమయం తప్పకుండా సరిగ్గా పెట్టుకోవాలి. ఫైలు పేరు వాటితోనే తయారవుతుంది. అయినా నేను అంకెల పేర్లను నమ్ముకోను. ప్రతి రికార్డింగ్ మొదట్లో నా గొంతుతోనే ఊరు, పాడేవాళ్ల పేరు, తేదీ, పాట పేరు చెబుతాను. మూడు సెకన్లు వింటే అది ఏమిటో తెలిసిపోతుంది. ఏ రికార్డర్ వాడేవాళ్లయినా ఈ అలవాటు చేసుకోవాలి.

బటన్ల సంగతి. పక్కపక్కనే ఉన్న బటన్లు తడబాటు పెడితే బొట్టుబిళ్ల అతికించండి. మా ఆవిడ చెప్పిన ఉపాయమిది, బ్రెయిలీ చుక్కలకన్నా మేలు. మెత్తగా ఉంటుంది, ఊడిపోతే కొత్తది పది పైసలు కూడా కాదు. ఒక్క బటన్‌కే పెట్టాలి. అన్నింటికీ పెడితే మళ్లీ మొదటికే వస్తుంది.

గాలి గురించి కూడా చెప్పాలి. స్పాంజి తొడుగు లేకుండా బయట రికార్డ్ చేయొద్దు. పాలమూరు వైపు గుట్టల మీద గాలి చెంపకు తగిలిన దిక్కుకు వీపు పెట్టి, రికార్డర్‌ను నా ఒడి దగ్గర ఉంచుకుంటాను. చేత్తో పట్టుకుంటే వేళ్ల చప్పుడు కూడా పడుతుంది. అడుగున చిన్న స్టాండు బిగించుకుంటే ఆ గొడవ ఉండదు.

"ఫోన్ ఉండగా ఇవన్నీ ఎందుకన్నా?" అని చాలామంది తమ్ముళ్లు అడుగుతారు. క్లాసు నోట్స్‌కు ఫోన్ చాలు. కానీ ఫోన్‌లో రికార్డ్ నొక్కగానే తెర చదివే టాక్‌బ్యాక్ మాట్లాడుతుంది, ఆ మాట రికార్డింగ్‌లో పడుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే తప్పుతుంది. మధ్యలో కాల్ వస్తే పాట తెగుతుంది, ఏరోప్లేన్ మోడ్ మర్చిపోవద్దు. ఆపే బటన్ కోసం నున్నటి అద్దం మీద వెతకడం, అవతల పాడే మనిషి పాట ఆపి నన్నే చూస్తుండడం నాకు ఇబ్బందిగా ఉంటుంది.

డిగ్రీ, పీజీ చదివే పిల్లలైతే డైసీ ప్లేయర్ చూడండి. విక్టర్ రీడర్ స్ట్రీమ్, ప్లెక్స్‌టాక్ లాంటివి పుస్తకాలు చదివి వినిపిస్తాయి, పాఠం రికార్డ్ కూడా చేస్తాయి, ప్రతి బటన్ పేరు చెబుతాయి. 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయ నుంచి పుస్తకాలు దించుకోవచ్చు. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడీఐపీ పథకం కింద విద్యార్థులకు డైసీ ప్లేయర్లు ఇస్తారు. డబ్బు పెట్టేముందు జిల్లా వికలాంగుల సంక్షేమ శాఖ ఆఫీసులో ఒకసారి అడగండి. పాటలకు మాత్రం వాటి మైకు సరిపోదు.

కొట్టుకు వెళ్తే ఒక పని చేయండి. చూపున్నవాళ్లను పక్కన ఉంచుకోండి, కానీ పెట్టె వాళ్ల చేతికి ఇవ్వొద్దు. మీరే ఆన్ చేసి, పది మాటలు రికార్డ్ చేసి, ఆపి, వినండి. ఆ నాలుగు పనులూ ఎవరి సాయం లేకుండా అయితేనే డబ్బులివ్వండి. క్లాక్ టవర్ దగ్గర ఒకతను నాతో "బటన్ నొక్కితే లైటు వస్తది సార్, అంతే" అన్నాడు. లైటు వస్తే నాకేం తెలుస్తుంది బాబూ అని చెప్పి వచ్చేశాను.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆమె బిడ్డ, మా అక్క, మిర్యాలగూడలో ఉంటుంది. కోడలి పాట తనకు సగమే గుర్తుందని ఎప్పుడూ పాడేది కాదు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు రికార్డర్ బల్ల మీద పెట్టి, ఊరు, పేరు, తేదీ చెప్పి, "సగమే పాడు అక్కా" అన్నాను. సగం అయ్యాక ఆగింది. వంటింట్లోంచి మా బావ వాళ్లమ్మ తర్వాతి చరణం అందుకుంది. ఆమెది పక్క ఊరే. ఆ గొంతు దూరంగా, తలుపు చాటు నుంచి వచ్చింది. ఇంటికొచ్చాక పెంచుకుని విన్నాను. ప్రతి మాటా పడింది.