బ్రెస్ట్ కోటా, పోర్ లూయీ కోటా? ఒక్క రోజే ఉంటే ఎటు వెళ్ళాలి

అమ్మానాన్నలు కాకినాడ నుంచి వచ్చారు. ఐఫిల్ టవరూ, లూవ్రూ అయిపోయాయి. "ఇక సముద్రం చూపించరా, ఫ్రెంచివాళ్ళ ఓడలు మన యానానికి ఎక్కణ్ణించి బయల్దేరేవో అదీ చూద్దాం" అన్నారు నాన్న. ఉన్నది ఒక్క రోజు.

ఫ్రాన్స్ జాతీయ నౌకా మ్యూజియానికి అసలు భవనం పారిస్‌లోనే ఉంది, త్రొకాదెరోలో. రేవు పట్టణాల్లో దానికి శాఖలున్నాయి. ఫ్రాన్స్ పడమటి కొసనున్న బ్రిటనీలో ఉన్న రెండూ కోటల్లోనే: ఒకటి బ్రెస్ట్‌లో, రెండోది లోరియాఁ ఎదురుగా పోర్ లూయీలో. పారిస్ నుంచి లోరియాఁకి రైల్లో మూడు గంటలు, బ్రెస్ట్‌కి మూడున్నర. ఒకే రోజు రెండూ చూడాలనుకుంటే రెండూ సగం సగమే చూస్తారు. నేను అంతకుముందు రెండింటికీ వెళ్ళొచ్చాను కాబట్టి, నా లెక్క చెబుతాను.

కోట కోసమే అయితే బ్రెస్ట్. అందులో అనుమానం లేదు. పెన్ఫెల్డ్ నది సముద్రంలో కలిసేచోట గుట్ట మీద కూర్చున్న కోట అది. ఊరివైపు గోడ అడుగుభాగాన్ని దగ్గరగా చూడండి: రాతి వరసల మధ్య ఎర్ర ఇటుకల పట్టీలు కనిపిస్తాయి. అది రోమన్ల కాలపు పని, సుమారు 1,700 ఏళ్ళ నాటిది. దాని మీద మధ్యయుగాల బురుజులు లేచాయి, 17వ శతాబ్దంలో ఫ్రెంచి కోటల ఇంజనీరు వోబాఁ వచ్చి ఫిరంగులకు తగ్గట్టు మార్చాడు. 1944లో నెలన్నర ముట్టడిలో ఊరు ఊరంతా నేలమట్టమైంది, కోట మాత్రం నిలబడింది. బురుజు ఎక్కి చూస్తే కింద అంతా యుద్ధం తరవాత కట్టిన సిమెంటు ఊరే.

ఇంకో సంగతి, ఆ కోట నేటికీ రిటైరవలేదు. ఫ్రెంచి నౌకాదళం అట్లాంటిక్ ప్రధాన కార్యాలయం అందులోనే ఉంది. మనల్ని తిరగనిచ్చేది ఒక భాగంలోనే. ఓడల ముక్కున నిలిపే చెక్క బొమ్మలూ, నమూనా ఓడలూ, ఖైదీలతో రేవు పనులు చేయించిన రోజుల కథా లోపల ఉన్నాయి. నాకు బాగా నచ్చింది జర్మన్ల బుల్లి జలాంతర్గామి. పన్నెండు మీటర్ల పొడవు, ఇద్దరు మనుషులు, రెండు టార్పెడోలు. విశాఖ బీచిలో 91 మీటర్ల కురుసుర లోపల తిరిగినవాళ్ళకి ఇది చూస్తే నవ్వొస్తుంది, ఆ ఇద్దరి సంగతి తలచుకుంటే ఆ నవ్వు కాస్తా ఆగిపోతుంది.

కానీ మెట్లు! ఒక బురుజు దిగి ఇంకో బురుజు ఎక్కడం, మళ్ళీ దిగడం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో నేనైతే వెళ్ళను.

పోర్ లూయీ కోట అంత ముసలిది కాదు. 1590ల్లో స్పెయిన్ సైన్యం మొదలుపెట్టింది, ఫ్రెంచివాళ్ళు పూర్తిచేశారు. 1618లో పదమూడో లూయీ పేరు పెట్టారు. చూడ్డానికి బ్రెస్ట్ అంత గంభీరంగా ఉండదు, గోడలు తక్కువ ఎత్తు, మూడు వైపులా నీళ్ళు. కానీ ఒకే టికెట్టు మీద రెండు మ్యూజియాలు. నౌకా మ్యూజియం వాళ్ళది సముద్రంలో మునిగిన ఓడల సరుకు, మునిగేవాళ్ళని కాపాడే పడవల కథ. రెండోది ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ మ్యూజియం, ఎదురుగా ఉన్న లోరియాఁ ఆ కంపెనీ రేవే. తెలుగువాడికి అసలు పని ఉన్నది అక్కడే.

అక్కడ మన తీరం నుంచి వెళ్ళినలాంటి అద్దకపు గుడ్డలున్నాయి. రంగు వెలిసిపోకుండా దీపాలు మసకగా పెడతారు, కళ్ళు అలవాటు పడాలి. ఇలాంటి పాత గుడ్డల్లో నేను వెతికేది నల్ల గీత. ఎరుపు చిరివేరు, పటికలది, అది చెక్కుచెదరదు. నలుపు కసిమిది, అంటే ఇనుప తుప్పూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళది. ఆ ఇనుమే కాలం గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. అందుకని గీత ఉన్నచోటే గుడ్డ చివికిపోతుంది. పెడన అద్దకాలు చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

1669లో గోల్కొండ సుల్తాను ఫర్మానాతో ఫ్రెంచివాళ్ళు మచిలీపట్నంలో కొట్టు తెరిచారు. మన గుడ్డలకి అక్కడ ఎంత గిరాకీ వచ్చిందంటే, తమ నేతగాళ్ళని కాపాడుకోవడానికి 1686లో ఫ్రాన్స్ వాటిని నిషేధించింది. ఆ నిషేధం ఎత్తేసింది 1759లో. సరిగ్గా అదే ఏడు ఏప్రిల్‌లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ మచిలీపట్నాన్ని ఫ్రెంచివాళ్ళ నుంచి లాక్కున్నాడు. ఫ్రాన్స్‌లో తలుపు తెరిచేసరికి మచిలీపట్నంలో దుకాణం పోయింది! ఇదే కంపెనీ మన దేశపు బట్టలూ, గవ్వలూ ఇచ్చి ఆఫ్రికాలో మనుషుల్ని కొన్నది. బట్టల్ని చూసి మురిసిపోయేటప్పుడు ఆ లెక్క కూడా గుర్తుండాలి. అదే కోటలో 1944లో జర్మన్లు కాల్చి చంపిన 69 మంది ప్రతిఘటన వీరులకు స్మారకం ఉంది, అక్కడా ఒక్క నిమిషం ఆగండి.

కాబట్టి, యుద్ధాలూ, బురుజులూ ఇష్టమై, కాళ్ళు గట్టిగా ఉంటే బ్రెస్ట్. 1781లో ఫ్రెంచి నౌకా సేనాని సుఫ్రెన్ బంగాళాఖాతంలో ఇంగ్లీషువాళ్ళతో తలపడడానికి బయల్దేరింది ఆ రేవు నుంచే. పిల్లలు కూడా అక్కడే ఎక్కువ ఆడుకుంటారు. ఫ్రెంచి ఓడలు అసలు మన దగ్గరికి ఎందుకొచ్చాయో తెలుసుకోవాలంటే పోర్ లూయీ. వర్షమొచ్చినా గదుల్లో గడిపేయొచ్చు. చలికాలంలో మాత్రం కొన్ని వారాలు మూసేస్తారు, చూసుకుని వెళ్ళండి.

నాన్నని పోర్ లూయీకే తీసుకెళ్ళాను. గుడ్డల ముందు అమ్మ చాలాసేపు నిలబడింది, నాన్న ఓడల నమూనాల దగ్గర కదల్లేదు. సాయంత్రం లోరియాఁకి తిరిగొచ్చే చిన్న పడవలో బల్ల మీద కూర్చుని, కోట వెనక్కి పోతుంటే చూసి, "వంతెన కట్టకముందు ఎదుర్లంక నుంచి యానాం పంటు మీద దాటేవాళ్ళం, అచ్చం ఇలాగే ఉండేదిరా" అన్నారు.