ఏడు రోడ్ల కూడలి దగ్గర కొన్న ప్రపంచ చరిత్ర మెటీరియల్: ఒక పాత మాస్టారి సమీక్ష

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలోని ఒక జిరాక్సు దుకాణంలో, పోటీ పరీక్షల వారికోసం అమ్ముతున్న ప్రపంచ చరిత్ర మెటీరియల్‌ను మా అబ్బాయి కోసం 180 రూపాయలకు కొన్నాను. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన వాడిని కనుక వాడికంటే ముందు నేనే చదివాను. అచ్చు, స్పైరల్ బైండింగు బాగున్నాయి.

రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన ఇంగ్లండ్ అంతర్యుద్ధం అధ్యాయం మొదలైన తీరు మెచ్చదగినదే. 1642 జనవరి 4న మొదటి చార్లెస్ రాజు సాయుధులను వెంటబెట్టుకొని ఐదుగురు సభ్యులను పట్టుకోవడానికి పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలోకి రావడం, వారెక్కడున్నారో చెప్పడానికి స్పీకర్ లెంథాల్ మోకరిల్లి నిరాకరించడం చక్కగా రాశారు.

చిక్కంతా 1648 డిసెంబరు 6 దగ్గర వచ్చింది. ఆనాడు పార్లమెంటు సైన్యంలోని సేనాని క్రాంవెల్ కామన్స్ సభ ద్వారం వద్ద నిలబడి సభ్యులను గెంటించాడని 42వ పుటలో ఉంది. పేర్ల జాబితా పట్టుకొని అక్కడ నిలబడినవాడు కర్నల్ థామస్ ప్రైడ్. వచ్చేవారెవరో పక్కనుండి గుర్తుపట్టి చెప్పినవాడు లార్డ్ గ్రే ఆఫ్ గ్రోబీ. క్రాంవెల్ లండన్ చేరుకున్నది ఆ రాత్రి. 1653 ఏప్రిల్ 20న ఆయనే సైనికులను పిలిపించి, మిగిలిన సభను ఖాళీ చేయించిన ఘటనను దీనితో కలిపేశారని నా అనుమానం. (ఇలాంటి కలగాపులగం నా విద్యార్థుల జవాబు పత్రాల్లో ఏటా చూసినదే.)

తేదీల తప్పునైనా క్షమించవచ్చు కానీ, కారణాన్ని వదిలేయడాన్ని క్షమించలేను. రాజు ఇచ్చిన సమాధానాలు సంధికి ప్రాతిపదిక కాగలవని ముందురోజే సభ తీర్మానించింది; అనుకూలంగా 129 ఓట్లు, వ్యతిరేకంగా 83 ఓట్లు పడ్డాయి. ఆ ఏడాదే రెండోసారి యుద్ధం తెచ్చిపెట్టిన రాజుతో మళ్లీ బేరమేమిటని పార్లమెంటు సైన్యం మండిపడి, మర్నాడు సంధి కోరే సభ్యులను సభలోకి రానీయలేదు. అంతకుముందు ఏడాది నుంచే జీతాల బకాయిలపై సభకూ సైన్యానికీ పొసగడం లేదు. ఈ రెండు ముక్కలూ లేకపోతే, అడ్డు తొలగిన సభ రాజును విచారించే న్యాయస్థానాన్ని ఎలా ఏర్పాటు చేయగలిగిందో, 1649 జనవరి 30న ఆయన తల ఎందుకు తెగిందో చదివేవాడికి అంతుపట్టదు.

దుకాణంలో చెబితే, “తప్పులు కాగితం మీద రాసిచ్చేయండి మాస్టారూ, తర్వాతి కట్టలో దిద్దిస్తాం” అన్నారు. రెండు పుటలు రాసిచ్చి వచ్చాను. ఇప్పటికే కొన్నవారు 42వ పుటలో క్రాంవెల్ పేరు కొట్టేసి ప్రైడ్ అని రాసుకోవాలి.