కొర్రమీను వండుకున్నాం, సాల్మన్ పచ్చిగా తిన్నాం: లక్నవరం నుంచి జూబ్లీహిల్స్ దాకా

ఒసాకాలో మూడేళ్లు ఉద్యోగం చేసి ఈ సంక్రాంతికి హనుమకొండ వచ్చిన మా మేనల్లుడు, నాకు పచ్చి చేప రుచి చూపించనిదే తిరుగు విమానం ఎక్కనని పట్టుబట్టాడు. చేప అంటే చింతపులుసులో ఉడికినదే అనుకుంటూ యాభై రెండేళ్లు గడిపినవాణ్ని కనుక మొదట నవ్వి ఊరుకున్నాను. చివరికి ఇద్దరం కలిసి లక్నవరం చెరువు దగ్గర ఒక రాత్రి, హైదరాబాద్‌లో ఒక పగలు గడిపేలా ప్రయాణం పెట్టుకున్నాం.

ములుగు మీదుగా లక్నవరం వెళ్లే దారిలో పాలంపేట దగ్గర ఆగి రామప్ప గుడి చూశాం. 1213లో కట్టిన ఆ గుడిని 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. దాని గురించి రాసినవారు చాలామంది ఉన్నారు కాబట్టి నేను చెరువు దగ్గరికే వస్తాను. కాకతీయుల నాటి ఆ జలాశయం జనవరిలో నిండుగా ఉంది, వేలాడే వంతెన మీద పొద్దున్నే జనం తక్కువ. మేము దిగిన ప్రైవేటు బసలో పక్కలు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు అడిగిన వెంటనే వచ్చాయి, జొన్నరొట్టెలు బాగున్నాయి. అయితే వంటగదిలోని డీప్ ఫ్రీజర్ మూత తీసి చూసినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది. రాత్రి నాలుగు గంటలు కరెంటు పోయినందువల్ల చేప ముక్కలు మెత్తబడి నీరోడుతున్నాయి, వచ్చాక అవే మళ్లీ గడ్డకట్టడం మొదలైంది. వంటవాడు అందులో తప్పేమీ లేదనుకున్నాడు. పులుసు పెట్టేవాడికి అది పెద్ద విషయం కాకపోవచ్చు గానీ, పచ్చిగా తినాలనుకున్నవాడు ఆ ఫ్రీజర్ చూశాక మరో మాట మాట్లాడకూడదు.

తెల్లారేసరికి ఒక వలకాడు ప్రాణంతో ఉన్న కొర్రమీను తెచ్చాడు. జారిపోకుండా బూడిద రుద్ది కత్తిపీట మీద పెడుతుండగా మేనల్లుడు నా మోచేయి పట్టుకుని, "మామా, ఇంతకంటే తాజాగ ఏడ దొరుకుతది? రెండు పలుచటి ముక్కలు కోయించుకుందాం" అన్నాడు. నేను వద్దన్నాను. చేపను పచ్చిగా తినాలనుకునే కొత్తవారిలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. తాజా చేప వేరు, పచ్చిగా తినదగిన చేప వేరు. చెరువు నీటిలో నత్తలు ఉంటాయి; కొన్ని పరాన్నజీవులు నత్తల్లో పెరిగి చేప కండలోకి చేరి, ఆ చేపను ఉడికించకుండా తిన్న మనిషి కాలేయంలో కాపురం పెడతాయి. ఈశాన్య థాయిలాండ్‌లో మంచినీటి చేపను తరిగి నిమ్మరసం, కారం కలిపి పచ్చిగా తినే కోయ్ ప్లా అనే వంటకం ద్వారా వ్యాపించే కాలేయపు పురుగు పిత్తనాళ క్యాన్సర్‌కు కారణమని తేలగా, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో దాన్ని మొదటి వర్గంలో, అంటే రూఢి అయిన క్యాన్సర్ కారకాల్లో, చేర్చింది. నిమ్మరసం ముక్కను తెల్లబరుస్తుంది తప్ప పురుగును చంపదు. ఇక కొర్రమీను జాతి చేపల్లో ఉండే మరో రకం పురుగు పిల్లలు, థాయిలాండ్‌లోనే, మనిషి చర్మం కింద అటూ ఇటూ పాకిన సందర్భాలు వైద్యులకు బాగా తెలుసు. మన రాష్ట్ర చేప మీద నాకున్న గౌరవం కొంచెమైనా తగ్గలేదు. దాన్ని అల్లం, వెల్లుల్లి, ధనియాల పొడి పట్టించి పెనం మీద వేయించుకుని తిన్నాం.

మరునాడు కాజీపేటలో ఉదయం రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, మెట్రోలో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు చేరుకున్నాం. పచ్చి చేప దొరుకుతుందని ముందుగా వెళ్లిన భోజనశాల అలంకరణలో ఏ లోటూ లేదు. చేప ఎక్కడి నుంచి వచ్చిందని, ఎన్ని రోజులు ఎంత చలిలో ఉంచారని అడిగితే, వడ్డించే కుర్రవాడు "అంతా ఫ్రెష్ సర్" అనే మాటనే మూడుసార్లు చెప్పాడు. దోసకాయ లోపల పెట్టి చుట్టిన అన్నం ముక్కలు తిని మర్యాదగా లేచి వచ్చాం. రెండో చోట వంట పెద్దే బయటికి వచ్చి, నార్వే పెంపకపు సాల్మన్ అని చెప్పి, పెట్టె మీది చీటీ కూడా చూపించాడు. పరాన్నజీవులను చంపడానికి చేపను మైనస్ 20 డిగ్రీల వద్ద ఏడు రోజులైనా, మైనస్ 35 వద్ద గట్టిపడేలా గడ్డకట్టించి అదే చలిలో 15 గంటలైనా ఉంచాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ మార్గదర్శకం చెబుతుంది. పురుగులు లేని గుళికల మేతతో పెంచిన సాల్మన్‌కు ఆ నిబంధనలో మినహాయింపు ఉంది. గడ్డకట్టించడం వల్ల పురుగులు చస్తాయి గానీ బ్యాక్టీరియా చావదు కనుక, కోసే పలక, కత్తి, చేతుల శుభ్రత విడిగా చూసుకోవాల్సిందే. ఇంట్లోని ఫ్రిజ్ పై అర అంత చల్లబడదు, ఈ పనికి దాన్ని నమ్ముకోకూడదు.

మేనల్లుడు అక్కడ చెప్పిన ఒక సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. జపాన్‌వారు తమ సముద్రంలో దొరికే సాల్మన్‌ను పురుగుల భయంతో పూర్వం పచ్చిగా తినేవారే కాదట. 1980లలో నార్వేవారు తమ పెంపకపు చేపను అక్కడ ప్రచారం చేశాకే అది సుషీ పళ్లెంలోకి ఎక్కిందట. ముందురోజు పొద్దున మేము కొర్రమీను దగ్గర పడిన వాదనను వాళ్లెప్పుడో పడ్డారన్నమాట.

సుషీ అంటే పచ్చి చేప అని నేనూ అనుకునేవాణ్ని. ఆ పేరు నిజానికి సిర్కా కలిపిన అన్నానిది. అందుకే మొదలుపెట్టేవారికి మెట్లు ఉన్నాయి. ముందు ఉడికిన రొయ్య పెట్టిన ముద్ద తిన్నాను, తర్వాత సాల్మన్ నిగిరి, అంటే పైన చేప పొర పెట్టిన అన్నం ముద్ద, ఆ తర్వాతే అన్నం లేని పచ్చి చేప ముక్కలు, అంటే సాషిమి. నిగిరిని చేత్తో తినవచ్చని తెలిసి ప్రాణం లేచి వచ్చింది. గోరువెచ్చని అన్నం ముద్ద మీద చల్లని చేప పొర, దాన్ని చేపవైపు నుంచి సోయా సాస్‌లో కొద్దిగా అద్దుకోవడం, ముద్దకూ ముద్దకూ మధ్య ఊరవేసిన అల్లం: ఇంతే పద్ధతి. నీచు వాసన వస్తుందని బిగబట్టుకుని కూర్చున్నవాడికి వెన్నలాంటి కొవ్వు, చాలా తక్కువ వాసన ఎదురయ్యాయి. పక్కన పెట్టే వసాబి అనే ఆకుపచ్చ ముద్ద కారం మన మిరపకారంలా నాలుక మీద నిలవదు, ముక్కులోకి ఎగిరి వెంటనే పోతుంది. చాలాచోట్ల వసాబి పేరుతో వచ్చేది రంగు వేసిన గుర్రపు ముల్లంగి (హార్స్‌రాడిష్) అనే ఘాటు దుంపేనని వంట పెద్ద తనంతట తానే ఒప్పుకోవడం నాకు నచ్చింది. ట్యూనా అనే సముద్రపు చేప ఆ రోజు తాను కోరినంత బాగా లేదని ఆయన వడ్డించలేదు. ఎండలో నిలిచిన ట్యూనాలో హిస్టమిన్ అనే హానికర పదార్థం చేరుతుంది, అది ఉడికించినా పోదు. తినేటప్పుడు నాలుక చురుక్కుమంటే అక్కడితో ఆపేయాలి.

గర్భవతి అయిన మా అమ్మాయికి పార్సిల్ కట్టించుకుందామన్నాడు మేనల్లుడు. పచ్చి చేప గర్భిణులకు, పసిపిల్లలకు, కాలేయ వ్యాధి ఉన్నవారికి తగదు. పైగా మంచు లేకుండా రైల్లో రెండు గంటలకు పైగా ప్రయాణించే సుషీ ఎవరికీ తగదు. ఆమెకు దోసకాయ చుట్టలు మాత్రమే కట్టించాం.

పచ్చి మాంసం వరకు నేను వెళ్లలేదు. అక్కడి జాబితాలో పలుచగా కోసిన పచ్చి గొడ్డు మాంసం ఉంది; వెనిస్‌లో పుట్టిన కార్పాచియో అనే వంటకం. కోయని కండలో బ్యాక్టీరియా ఎక్కువగా పైపొరకే పరిమితమవుతుంది, కీమా కొడితే లోపలంతా కలుస్తుంది. కాబట్టి ఒకే మొద్దు మీద, ఒకే కత్తితో పొద్దుటి నుంచి కొడుతున్న మన ఆదివారపు మటన్ దుకాణంలో ఆ ప్రయోగం ఊహకు కూడా రాకూడదు. పంది మాంసంలో బద్దెపురుగు, కోడి మాంసంలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయాలు ఉండనే ఉన్నాయి. పచ్చి మాంసానికి అలవాటుపడిన జపాన్‌లోనే 2011లో యుక్కే అనే పచ్చి గొడ్డు మాంసపు వంటకం తిని అయిదుగురు చనిపోగా, మరుసటి ఏడాది పచ్చి గొడ్డు కాలేయం వడ్డించడాన్ని ప్రభుత్వం నిషేధించింది. కగోషిమాలో కోడిని కూడా పచ్చిగా వడ్డిస్తారని మేనల్లుడు చెప్పాడు గానీ, తాను తిన్నానని మాత్రం అనలేదు.

ఇద్దరికీ కలిపి బిల్లు రూ. 3,400 అయింది, లక్నవరంలో ఇద్దరికీ సరిపోయిన కొర్రమీను రూ. 500కే వచ్చింది. అయినా డిసెంబరులో మా ఆవిడను తీసుకుని మళ్లీ వెళ్తాను. మంచి ట్యూనా వచ్చిన రోజు ఫోన్ చేయమని వంట పెద్దకు నంబరు ఇచ్చి వచ్చాను.